ఫ్రెంచి క్రియ ‘పార్లే’ను సరిగ్గా వాడడం ఎలా?

ఫ్రెంచి మొదలుపెట్టిన వారం లోపే ఎదురయ్యే క్రియల్లో ‘పార్లే’ ఒకటి. పక్కన ‘మాట్లాడు’ అని అర్థం రాసుకుని, వర్తమానకాలపు ఆరు రూపాలూ వల్లించి, చాలామంది దాన్ని అక్కడితో వదిలేస్తారు. సొంతంగా వాక్యాలు కట్టవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ తేలిక క్రియే చేయి పట్టుకుని ఆపుతుంది. ఎందుకంటే ‘ఎవరితో’, ‘దేని గురించి’, ‘ఏ భాష’ అన్న మూడింటినీ ఫ్రెంచి మూడు వేర్వేరు పద్ధతుల్లో క్రియకు తగిలిస్తుంది. తెలుగులోనూ ‘తో’, ‘గురించి’ ఉన్నాయి గాని, మనం వాటిని కొన్ని చోట్ల మింగేసి మాట్లాడతాం, ఫ్రెంచి మింగనివ్వదు. అందువల్ల ఈ క్రియను ఒంటరి మాటగా కాక, దాని వెనుక వచ్చే తోకతో సహా నేర్చుకోవడం ఎలాగో ఇక్కడ మెట్టుమెట్టుగా చూద్దాం. ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నవారికి, డెల్ఫ్ పరీక్షకు చదువుతున్నవారికి, కెనడా వలస కోసం టెఫ్ రాయబోయేవారికి ఇది ఒకేలా పనికొస్తుంది.

ఫ్రెంచి వాక్యాలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను కాబట్టి ముందు రెండు మూడు గుర్తులు చెప్పుకోవాలి. ముక్కుతో పలికే అచ్చులకు అరసున్న వాడాను. ‘పార్లోఁ’ అని చదివినప్పుడు చివర ‘న్’ గాని ‘మ్’ గాని వినిపించకూడదు, ‘ఓ’ మాత్రమే ముక్కులోంచి రావాలి. పాత పుస్తకాల్లో ‘వాఁడు’, ‘వీఁడు’ అని చూసినవారికి ఈ గుర్తు కొత్త కాదు. ‘త్యు’, ‘ద్యు’ అని రాసిన చోట నాలుకను ‘ఇ’ అనే స్థితిలో ఉంచి పెదవులను ‘ఉ’ అన్నట్టు గుండ్రంగా చేయాలి. ‘జె’ లోని జకారం మన జకారం కాదు, ‘ష’ను నాదం కలిపి పలికినట్టుంటుంది. రేఫను నాలుక కొనతో కాకుండా గొంతు వెనుక నుంచి, కొద్దిగా రాపిడితో పలకాలి. వీటిని సరిదిద్దుకోవడానికి తెలుగు లిపి చాలదు, ఏదైనా రికార్డింగు విని తీరాలి.

మొదటి మెట్టు: రూపాలను చెవితోనూ కంటితోనూ విడివిడిగా నేర్చుకోండి

వర్తమానకాలంలో రూపాలు ఇవి: జె పార్ల్ (నేను), త్యు పార్ల్ (నువ్వు), ఇల్ పార్ల్ (అతడు), ఎల్ పార్ల్ (ఆమె), ఓఁ పార్ల్ (మనం, లేదా ‘జనం’), నూ పార్లోఁ (మేము, మనం), వూ పార్లే (మీరు), ఇల్ పార్ల్ (వాళ్ళు). వినేటప్పుడు ఒకటే ‘పార్ల్’ అయినది రాసేటప్పుడు మూడు రకాలవుతుంది. ‘నేను’కూ ‘అతడు’కూ చివర ఈ అనే అక్షరం, ‘నువ్వు’కు ఈ-ఎస్, ‘వాళ్ళు’కు ఈ-ఎన్-టి రాయాలి, వీటిలో ఏదీ పలకకూడదు. ‘వాళ్ళు’ రూపంలోని ఎన్-టి చూసి ‘పార్లెంట్’ అనో ‘పార్లాఁ’ అనో పలకడం కొత్తవారిలో అన్నింటికన్నా ఎక్కువగా వినిపించే పొరపాటు. ‘అతడు మాట్లాడతాడు’, ‘వాళ్ళు మాట్లాడతారు’ రెండూ చెవికి ఒకటే కాబట్టి, ఎవరి గురించి అంటున్నారో ముందు వాక్యాన్ని బట్టి పట్టుకోవలసిందే.

దీనికి తిరగేసిన చిక్కు ఒకటుంది. ‘పార్లే’ అన్న ధ్వని ఒక్కటే అయినా అది మూడు వేర్వేరు రూపాలకు చెందినది కావచ్చు: ‘మాట్లాడడం’ అనే మూలరూపానికి చివర ఈ-ఆర్, ‘మీరు మాట్లాడతారు’ అనడానికి ఈ-జెడ్, భూతకాలంలో వచ్చే ‘మాట్లాడిన’ రూపానికి నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఈ. ఫ్రాన్సులో పుట్టి పెరిగిన పిల్లలు కూడా ఈ మూడింటినీ తారుమారు చేసి రాస్తుంటారు. ఏది రాయాలో తేలకపోతే, ఆ చోట ‘అమ్ముట’ అనే అర్థమున్న ‘వాఁద్ర్’ క్రియను పెట్టి చూడమని అక్కడి బడిపంతుళ్ళు చెబుతారు. ఆ క్రియకు మూలరూపం ‘వాఁద్ర్’, భూతకాల రూపం ‘వాఁద్యు’, ‘మీరు’ రూపం ‘వాఁదే’. మూడూ చెవికి వేరు కాబట్టి ఏది నప్పితే దానికి తగిన స్పెల్లింగు రాసుకోవచ్చు.

మిగిలిన కాలాలకు ఎక్కువ శ్రమ అక్కర్లేదు, ఇది మొదటి గణపు నియతక్రియ (అంటే మూలరూపం ఈ-ఆర్‌తో ముగిసి, పద్ధతి తప్పకుండా నడిచేది), దీన్ని నేర్చుకుంటే వేలాది క్రియలు అదే అచ్చులో వస్తాయి. ‘మాట్లాడాను’ అనడానికి ‘జే పార్లే’, ‘మాట్లాడుతుండేవాణ్ణి’ అనడానికి ‘జె పార్లె’, ‘మాట్లాడతాను’ అని భవిష్యత్తులో ‘జె పార్లెరే’, ‘నేను మాట్లాడాలి’ అనడానికి ‘ఇల్ ఫో కె జె పార్ల్’.

రెండవ మెట్టు: భాష పేరును క్రియకు నేరుగా అంటించండి

‘జె పార్ల్ ఫ్రాఁసే’ అంటే ‘నేను ఫ్రెంచి మాట్లాడతాను’. భాష పేరు ముందు ‘లె’ అనే ఉపపదం (ఆర్టికల్) లేకపోవడం గమనించాలి. నేర్చుకుంటున్నాను అనేటప్పుడు మాత్రం అది తప్పనిసరి: ‘జాప్రాఁ లె ఫ్రాఁసే’. ఇతర క్రియలు సాధారణంగా ఉపపదాన్ని కోరుతుండగా ‘పార్లే’ దాన్ని వదులుకుంటుంది. క్రియకూ భాషకూ మధ్య ‘ధారాళంగా’, ‘బాగా’ వంటి మాట దూరితే ఉపపదం తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు, ‘జె పార్ల్ కూరామాఁ లె ఫ్రాఁసే’ అన్నా, ‘లె’ లేకుండా అన్నా చెల్లుతుంది. మన భాషను ఫ్రెంచివారు ‘తేలూగూ’ అంటారు కాబట్టి, ‘జె పార్ల్ తేలూగూ’ అని చెప్పవచ్చు. గోదావరి ఒడ్డునున్న యానాం 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉండేది, అక్కడ ఈ రెండు భాషలూ ఒకే ఊళ్ళో వినబడేవి.

‘ఫ్రెంచి మాట్లాడడం’ వేరు, ‘ఫ్రెంచిలో మాట్లాడడం’ వేరు. మొదటిది వచ్చునా రాదా అన్న సంగతి. రెండవది ఆ సమయానికి ఏ భాష వాడుతున్నారన్న సంగతి, దానికి ‘ఆఁ’ అనే మాట కావాలి: ‘ఎల్ ఆ పార్లే ఆఁ ఫ్రాఁసే పాఁదాఁ యున్ ఎర్’, ఆమె గంటసేపు ఫ్రెంచిలో మాట్లాడింది. మన ‘లో’ ఉన్న చోట వాళ్ళ ‘ఆఁ’ ఉంటుందని గుర్తుపెట్టుకుంటే ఇక్కడ తప్పు జరగదు. భాష పేరుతో పాటు కొన్ని విషయాల పేర్లు కూడా ఇలాగే నేరుగా అంటుకుంటాయి: ‘పార్లే పొలితిక్’ అంటే రాజకీయాలు మాట్లాడుకోవడం, ‘పార్లే అఫేర్’ అంటే వ్యాపార విషయాలు మాట్లాడుకోవడం. తెలుగులోనూ ‘రాజకీయాలు మాట్లాడొద్దు’ అంటాం గదా, ఆ కట్టుబాటే ఇది.

మూడవ మెట్టు: ‘ఎవరితో’కు ‘ఆ’, ‘దేని గురించి’కి ‘దె’

ఈ క్రియకు గుండెకాయ వంటిది ఈ మెట్టు, దీని దగ్గర తొందరపడవద్దు. ‘అమ్మతో మాట్లాడుతున్నాను’ అనడానికి ‘జె పార్ల్ ఆ మా మేర్’, ‘అమ్మ గురించి మాట్లాడుతున్నాను’ అనడానికి ‘జె పార్ల్ దె మా మేర్’. ఒక్క చిన్న మాటతో వాక్యం అర్థమే మారిపోయింది. ‘తో’ అన్న మాట చూడగానే మనవారికి దానికి నిఘంటువులో కనిపించే ‘అవెక్’ గుర్తొస్తుంది. ‘పార్లే అవెక్’ తప్పు కాదు, ఇద్దరూ కూర్చుని చెరిసగం మాట్లాడుకున్నారన్న భావం దానిలో ఉంటుంది. ఆఫీసులో పై అధికారితో ఒక మాట అనాలన్నా, ఫోనెత్తి ఫలానావారు కావాలన్నా, పాపాయిని పలకరించాలన్నా ‘ఆ’నే వాడాలి. టెలిఫోనులో ‘డైరెక్టరుగారితో మాట్లాడాలండి’ అనడానికి ‘జె వూద్రే పార్లే ఓ దిరెక్తెర్’ అంటారు. ‘ఆ’, ‘లె’ కలిసి ‘ఓ’ అయినట్టే, ‘దె’, ‘లె’ కలిసి ‘ద్యు’ అవుతుంది: ‘ఓఁ పార్ల్ ద్యు ఫిల్మ్’, మేం ఆ సినిమా గురించి మాట్లాడుకుంటున్నాం. ఈ సంధులు ఐచ్ఛికం కావు, విడదీసి రాస్తే తప్పే.

రెండూ ఒకే వాక్యంలో ఉండవచ్చు: ‘జె పార్ల్ ద్యు ప్రోబ్లేమ్ ఆ మోఁ పేర్’, సమస్య గురించి నాన్నతో మాట్లాడుతున్నాను. ఇలాంటి వాక్యాలను రోజూ కొన్ని కట్టుకుని, తోకలను అటూ ఇటూ మార్చి గట్టిగా చదవండి. ‘నాన్న గురించి అమ్మతో’, ‘అమ్మ గురించి నాన్నతో’ అని తిప్పి తిప్పి చెప్పడం చిన్నపిల్లల ఆటలా అనిపించినా, నోటికి పట్టేది దానితోనే.

నాలుగవ మెట్టు: సర్వనామాల స్థానం

పేరు పోయి ‘ఆయనతో’, ‘దాని గురించి’ అన్న మాటలు వచ్చినప్పుడు ఫ్రెంచి వాక్యం అమరిక మారుతుంది. ‘ఆ’తో వచ్చే మనిషి క్రియకు ముందుకు జరుగుతాడు: ‘ఇల్ మె పార్ల్’ (నాతో మాట్లాడుతున్నాడు), ‘జె తె పార్ల్’ (నీతో మాట్లాడుతున్నాను), ‘జె ల్యుయి పార్ల్’ (అతనితో లేదా ఆమెతో), ‘జె లెర్ పార్ల్’ (వాళ్ళతో). కర్త, కర్మ, క్రియ అన్న క్రమానికి అలవాటైన మనకు ఈ ముందుకు జరగడం వింతేమీ కాదు, ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచికి వెళ్ళేవారే ‘ఇల్ పార్ల్ ఆ మ్వా’ అని తడబడతారు. తెలుగులో ఆలోచించి నేరుగా వెళితే ఇక్కడ మనకు లాభమే. మూలవాక్యం ‘అతడు నాతో మాట్లాడుతున్నాడు’, ఫ్రెంచిలో కూడా అతడు, నాతో, మాట్లాడు అన్న వరసే.

‘దె’తో వచ్చేది మనిషి అయితే వెనుకే ఉండిపోతాడు: ‘జె పార్ల్ దె ల్యుయి’ అంటే అతని గురించి మాట్లాడుతున్నాను. ‘జె ల్యుయి పార్ల్’, ‘జె పార్ల్ దె ల్యుయి’ అన్న రెండు వాక్యాల్లో ఉన్న మాటలు దాదాపు ఒకటే, అర్థాలు పూర్తిగా వేరు. ‘దె’తో వచ్చేది వస్తువో విషయమో అయితే అది ‘ఆఁ’గా మారి క్రియకు ముందుకు వస్తుంది: ‘జాఁ పార్ల్’, దాని గురించి మాట్లాడుతున్నాను. (పైన భాష పేర్లకు ముందు చూసిన ‘ఆఁ’కూ దీనికీ ధ్వనీ స్పెల్లింగూ ఒకటే, చుట్టరికం మాత్రం లేదు.) వాడుకలో మనుషుల గురించి కూడా ‘ఆఁ’ అనడం వినిపిస్తుంది, పరీక్షలోనూ రాతలోనూ మనుషులకు ‘దె ల్యుయి’, ‘దెల్’, ‘దె’తో మొదలయ్యే రూపాలే రాయండి.

రెండు సర్వనామాలూ కలిస్తే మనిషి ముందు, విషయం తరువాత: ‘జె ల్యుయి ఆఁ పార్ల్’, ఆ సంగతి ఆయనతో మాట్లాడుతున్నాను. భూతకాలంలో ‘జె ల్యుయి ఆఁ నే పార్లే’, ఆ సంగతి ఆయనతో మాట్లాడాను. ఉద్యోగంలో ఉన్న ఫ్రెంచివారి నోట రోజుకు పదిసార్లు వినిపించే వాక్యమిది, ముక్కలుగా విడదీయకుండా ఒక గుక్కలో వచ్చేదాకా అభ్యసించడం మంచిది.

‘నీతోనే మాట్లాడేది!’ అని మనం ఏకారంతో ఒత్తి పలికే చోట ఫ్రెంచివారు వాక్యాన్నే చీల్చి ఒత్తుతారు: ‘సె తా త్వా కె జె పార్ల్!’ తెలుగు ఏకారం పని చేసే ప్రతి చోటా ఈ ‘సే… కె’ చట్రాన్ని వేసి చూడండి, చాలావరకు నప్పుతుంది.

అయిదవ మెట్టు: ‘నేను చెప్పిన సినిమా’ను ఫ్రెంచిలో కట్టడం

తెలుగు విశేషణ రూపం, అంటే ‘మాట్లాడిన’, ‘చెప్పిన’ వంటిది, విభక్తిని పూర్తిగా మింగేస్తుంది. ‘నిన్న నేను మాట్లాడిన మనిషి’ అంటే నేను ఎవరితో మాట్లాడానో ఆ మనిషా, ఎవరి గురించి మాట్లాడానో ఆ మనిషా అన్నది మాటల్లో లేదు, సందర్భంలో ఉంది. వినేవారికి ఎలాగూ తెలుస్తుందన్న ధీమా మనది. ఫ్రెంచి ఇక్కడ నిలదీసి అడుగుతుంది. ‘తో’ అయితే ‘ఆ కి’: ‘లా ఫియ్ ఆ కి జే పార్లే’, నేను ఎవరితో మాట్లాడానో ఆ అమ్మాయి. ‘గురించి’ అయితే ‘దోఁ’: ‘లా ఫియ్ దోఁ జే పార్లే’, నేను ఎవరి గురించి మాట్లాడానో ఆ అమ్మాయి.

ఇంకొక మెలిక ఏమిటంటే, ‘నీకు చెప్పిన సినిమా ఇదే’ అనేటప్పుడు తెలుగులో ‘చెప్పు’ వాడతాం, మాట్లాడు అనం. దాన్ని మాటకు మాటగా పెట్టి, చెప్పుట అనే అర్థమున్న ‘దీర్’తో ‘లె ఫిల్మ్ కె జె తే ది’ అని కట్టేవారు చాలామంది. ఫ్రెంచివారికి అది అర్థమవుతుంది గాని చెవికి ముల్లులా తగులుతుంది. సినిమాను ఎవరూ ‘చెప్పరు’, దాని గురించి మాట్లాడతారు. కాబట్టి ‘సే లె ఫిల్మ్ దోఁ జె తే పార్లే’ అనాలి. పుస్తకం, హోటలు, డాక్టరు, ఉద్యోగం, ఏదైనా సరే, ‘నీకు చెప్పిన ఫలానాది’ అని నాలుక మీదికి రాగానే ‘దోఁ జె తే పార్లే’ అన్న ముక్కను తీయండి. బీ1 (మధ్యమ) స్థాయి మౌఖిక పరీక్షలో ఈ ఒక్క ‘దోఁ’ సరిగ్గా పడితే పరీక్షకుని చెవి నిక్కబొడుచుకుంటుందని నా నమ్మకం.

ఆరవ మెట్టు: ‘పార్లే’ ఎక్కడ పనికిరాదో తెలుసుకోండి

‘పార్లే’కు మాట్లాడడమన్న చర్యతోనే పని, పలికిన మాట ఏమిటన్నది దానికి పట్టదు. అందువల్ల దాని వెనుక ‘అని’ అనే అర్థమిచ్చే ‘కె’ ఎన్నడూ రాదు. ‘వస్తానన్నాడు’ అనడానికి ‘ఇల్ ఆ ది కిల్ వ్యేఁద్రే’ అని ‘దీర్’తోనే కట్టాలి. ‘ఇల్ ఆ పార్లే కె’ అన్న వాక్యం ఫ్రెంచిలో లేదు. తెలుగులోనూ ‘వస్తానని మాట్లాడాడు’ అనం కాబట్టి ఈ నియమాన్ని పట్టుకోవడం మనకు సులువు. ‘దీర్’ దారి తప్పిన క్రియ అని మాత్రం గుర్తుంచుకోవాలి, ‘మీరు చెబుతారు’ అనడానికి ‘వూ దిత్’ అనాలి, ‘వూ దీజే’ కాదు.

మన తెలుగు మనల్ని మోసగించే చోట్లు వేరే ఉన్నాయి. ‘అబద్ధాలు మాట్లాడకు’, ‘నిజం మాట్లాడు’ అని మనం ధారాళంగా అంటాం. ఫ్రెంచిలో నిజాన్ని ‘చెప్పాలి’ (దీర్ లా వేరితే), అబద్ధానికి ‘మాఁతీర్’ అని విడిగా ఒక క్రియే ఉంది. ‘పార్లే లా వేరితే’ అన్నది నడవదు. అలాగే ‘ఆటో మాట్లాడుకురా’, ‘ఇంటి అద్దె మాట్లాడుకున్నాం’, ‘పెళ్ళి సంబంధం మాట్లాడి వచ్చారు’ అన్న వాక్యాల్లో మాట్లాడడమంటే బేరం కుదుర్చుకోవడం. అక్కడ ‘పార్లే’ పెడితే ఆటోతో సంభాషించి వచ్చినట్టే ఉంటుంది, ‘నేగోసియే’ వంటి క్రియ కావాలి. జరిగినదాన్ని మొదటి నుంచి చివరిదాకా చెప్పడానికి ‘రాకోఁతే’, కూర్చుని కబుర్లాడడానికి ‘బావార్దే’, ఒక విషయాన్ని అటూ ఇటూ చర్చించడానికి ‘దిస్క్యుతే’. కెనడాలోని ఫ్రెంచి రాష్ట్రం క్యుబెక్ వెళ్ళేవారికి అక్కడ కబుర్లకు ‘జాజే’ అన్న మాట కూడా తరచుగా వినిపిస్తుంది.

ఒక చోట మాత్రం రెండు భాషలూ సరిగ్గా కలుస్తాయి. ‘వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం లేదు’ అంటే మనకు మాటలు లేవని కాదు, మనసులు విరిగాయని అర్థం. ఫ్రెంచివారు కూడా ‘ఇల్ నె సె పార్ల్ ప్ల్యు’ అని అదే అర్థంలో అంటారు. ఈ ‘పరస్పర’ రూపాన్ని భూతకాలంలో రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. ‘ఎల్ సె సోఁ పార్లే’, అంటే ఆ ఆడవాళ్ళు మాట్లాడుకున్నారు, అన్నప్పుడు ‘పార్లే’ చివర స్త్రీలింగపు ఈ గాని, బహువచనపు ఎస్ గాని చేర్చరాదు. ‘చూసుకున్నారు’ అన్నప్పుడు ఆ రెండూ చేరతాయి, ‘మాట్లాడుకున్నారు’ అన్నప్పుడు చేరవు. ఒకరిని చూస్తాం, ఒకరి‘తో’ మాట్లాడతాం, ఆ ‘ఆ’ మధ్యలో దాగి ఉంది గనుకే పొందిక ఆగిపోయింది. మూడవ మెట్టు బాగా పట్టుబడినవారికి ఈ నియమం విడిగా బట్టీ పెట్టవలసిన పని లేదు.

ఏడవ మెట్టు: అడగడం, కాదనడం, చేయమనడం

ప్రశ్నకు మూడు మర్యాదలున్నాయి. స్నేహితుల మధ్య స్వరం పైకెత్తితే చాలు: ‘త్యు పార్ల్ ఫ్రాఁసే?’ ఎక్కడైనా చెల్లేది ‘ఎస్ కె వూ పార్లే ఫ్రాఁసే?’ రాతలోనూ లాంఛనంగానూ క్రియ ముందుకు వస్తుంది: ‘పార్లే వూ ఫ్రాఁసే?’ కొత్తవారిని ‘వూ’ అనే పిలవాలి, దుకాణంలోనైనా, కార్యాలయంలోనైనా, పక్కింటి పెద్దాయననైనా అంతే. మన ‘మీరు’ ఎక్కడ వాడతామో దాదాపు అక్కడల్లా ‘వూ’ సరిపోతుంది గాని, ఇంట్లో అమ్మానాన్నలను, అత్తమామలను మనం ‘మీరు’ అన్నా, ఫ్రెంచి ఇళ్ళలో తల్లిదండ్రులను ‘త్యు’ అనడమే సాధారణం, అది అమర్యాద కాదు.

రాదని చెప్పడానికి ‘జె నె పార్ల్ పా ఫ్రాఁసే’. మాటల్లో ‘నె’ జారిపోయి ‘జె పార్ల్ పా’ అని వినిపిస్తుంది. రాసేటప్పుడు దాన్ని వదలకూడదు. ఎదుటివారు గబగబా మాట్లాడుతుంటే ‘పూవే వూ పార్లే ప్ల్యు లాఁత్మాఁ, సిల్ వూ ప్లే?’ అనండి, కొంచెం నిదానంగా మాట్లాడతారా అని. గట్టిగా మాట్లాడమనడానికి ‘ప్ల్యు ఫోర్’, గొంతు తగ్గించమనడానికి ‘ప్ల్యు బా’.

ఆజ్ఞలో ‘నువ్వు’ రూపానికి చివరి ఎస్ ఊడిపోతుంది: ‘పార్ల్!’ కాని వెనుక ‘ఆఁ’ వస్తే ఆ ఎస్ తిరిగి చేరి ఇంగ్లీషు జెడ్ ధ్వనిగా (‘జె’ లోని జకారంగా కాదు) వినబడుతుంది: ‘పార్ల్ జాఁ’, దాని గురించి మాట్లాడు. రెండు అచ్చుల మధ్య మనకు యడాగమం వచ్చి ‘మా అమ్మ’ ‘మాయమ్మ’ అయినట్టు, వాళ్ళకు పలకడానికి వీలుగా ఈ హల్లు దూరుతుంది. ‘మాట్లాడతాడా?’ అని క్రియ ముందు పెట్టి అడిగేటప్పుడు కూడా మధ్యలో తకారం దూరి ‘పార్ల్ తిల్?’ అవుతుంది. గొడవ ముగించడానికి ‘నాఁ పార్లోఁ ప్ల్యు’ అంటారు, ఇక ఆ మాట వదిలేద్దాం అని.

ఎనిమిదవ మెట్టు: జాతీయాలను వాటి స్వరంతో పాటు పట్టుకోండి

‘త్యు పార్ల్!’ అని ఒక్కటే అంటే ‘నువ్వు మాట్లాడుతున్నావు’ అని కాదు, ‘ఆఁ, చెప్పావులే!’ అని. వెటకారం, నమ్మలేనితనం, కొన్నిసార్లు ‘అది వేరే చెప్పాలా’ అన్న ఒప్పుకోలు, ఏదన్నది స్వరాన్ని బట్టే తెలుస్తుంది. చనువున్నవారితో తప్ప వాడరాదు. ‘సాఁ పార్లే దె’ అంటే ‘దాని సంగతి సరేసరి’: అద్దె ఎక్కువ, కరెంటు బిల్లు సంగతి సరేసరి అన్న ధోరణిలో వాడతారు. ‘సా మె పార్ల్’ అంటే అది నా మనసుకు తగిలింది, నాకు పట్టింది అని, ‘సా నె మె పార్ల్ పా’ అంటే ఆ పేరు విన్నా నాకేమీ తట్టడం లేదని. ఈ వాడుక ఇప్పటి యువత మాటల్లో విరివిగా వినిపిస్తుంది.

‘విన్నాను’ అన్న మాటకు రెండు దారులున్నాయి. ఒక వ్యక్తి గురించో పుస్తకం గురించో విన్నామంటే ‘జే ఆఁతాఁద్యు పార్లే దె సె లీవ్ర్’, ఫలానాది జరిగిందని విన్నామంటే ‘జే ఆఁతాఁద్యు దీర్ కె’. ‘పార్లే’కూ ‘దీర్’కూ ఆరవ మెట్టులో చెప్పుకున్న తేడాయే ఇక్కడా పని చేస్తోంది.

ఎవరి గురించి అనుకుంటున్నామో ఆ మనిషే ఆ క్షణాన గుమ్మంలో అడుగుపెడితే మనం ‘నీకు నూరేళ్ళాయుష్షు’ అంటాం. ఫ్రెంచివారు ‘కాఁ తోఁ పార్ల్ ద్యు లూ’ అని మొదలుపెట్టి సగంలోనే నవ్వి ఆపేస్తారు, తోడేలు మాటెత్తితే దాని తోక కనబడుతుందన్నది పూర్తి సామెత. మనది దీవెన, వాళ్ళది చమత్కారం. కాబట్టి పెద్దవారు లోపలికి వచ్చినప్పుడు దీన్ని వాడేముందు ఆలోచించుకోవాలి. భాషను ఖూనీ చేసేవారిని ‘స్పెయిన్ ఆవులా ఫ్రెంచి మాట్లాడతాడు’ అని ఎగతాళి చేస్తారు: ‘ఇల్ పార్ల్ ఫ్రాఁసే కొమ్ యున్ వాష్ ఎస్పాన్యోల్’. ఇతరుల మీద కన్నా తన మీద తాను వేసుకుంటే ఇది బాగా పండుతుంది, మనవాళ్ళు మొదటి పరిచయంలో దీన్ని ప్రయోగించి ఎదుటివారిని నవ్వించవచ్చు. ఇక వసపిట్టకు వాళ్ళు పెట్టిన పేరు ‘మూలేఁ ఆ పారోల్’, మాటల మర.

ఆ ‘పారోల్’ (మాట) కూడా ‘పార్లే’ కుటుంబమే. రెండూ చర్చి లాటినులోని ‘పారాబొలా’ నుంచి వచ్చాయి, దానికి మూలం పోలిక, దృష్టాంతం అనే అర్థమున్న గ్రీకు మాట. మన పత్రికల్లో రోజూ కనిపించే ‘పార్లమెంటు’, ఖైదీకి ఇచ్చే ‘పెరోల్’ రెండూ ఈ చెట్టు కొమ్మలే. ఫ్రాన్సులో విప్లవానికి ముందు ‘పార్లమాఁ’ అంటే చట్టసభ కాదు, పైస్థాయి న్యాయస్థానం, వాటిని 1790లో రద్దు చేశారు. ఇప్పుడు వార్తలు వింటుంటే తగిలే మాటలు మూడు: ‘పోర్త్ పారోల్’ (అధికార ప్రతినిధి), ‘పూర్‌పార్లే’ (సంధి సంప్రదింపులు), ‘ఓ పార్లెర్’ (లౌడ్‌స్పీకరు).

చివరి మెట్టు: తెలుగు నుంచి కట్టి చూసుకోండి

కింది అయిదు వాక్యాలను ముందు మీరే ఫ్రెంచిలో చెప్పి, ఆ తరువాత జవాబులతో పోల్చుకోండి. ఆమె నీ గురించి మా నాన్నతో మాట్లాడింది. నువ్వు నాకు చెప్పిన పుస్తకం కొన్నాను. రేపు రానని చెప్పాడు. అబద్ధం మాట్లాడకు. ఆ సంగతి వాళ్ళతో మాట్లాడాను.

మొదటిదానికి ‘ఎల్ ఆ పార్లే దె త్వా ఆ మోఁ పేర్’, రెండు తోకలూ ఇక్కడ ఉన్నాయి. రెండవది ‘జే ఆష్తే లె లీవ్ర్ దోఁ త్యు మా పార్లే’, తెలుగులో ‘చెప్పిన’ ఉన్నా ఫ్రెంచిలో ‘దోఁ’తో ‘పార్లే’ వచ్చింది. మూడవది ‘ఇల్ ఆ ది కిల్ నె వ్యేఁద్రే పా దెమేఁ’, పలికిన మాట ఏమిటో చెబుతున్నాం కాబట్టి ‘దీర్’ తప్ప గతి లేదు. నాలుగవది ‘నె మాఁ పా’, మాట్లాడడమన్న ఊసే లేదు. అయిదవది ‘జె లెర్ ఆఁ నే పార్లే’. దీన్ని ‘జే పార్లే దె సా ఆవెక్ ఎ’ అని విడదీసి చెప్పినా అర్థమవుతుంది, తప్పు కూడా కాదు. కాని ‘లెర్’, ‘ఆఁ’ రెండూ తడబాటు లేకుండా క్రియకు ముందు వచ్చి కూర్చున్నాయంటే, ఇక మీరు ‘రాకోఁతే’, ‘దిస్క్యుతే’ క్రియలను ఇదే పద్ధతిలో, వాటి తోకలతో సహా మొదలుపెట్టవచ్చు.